సప్లీలో పాసైన సీలు

చార్లీకి చేతకాని పనుల జాబితా తీస్తే పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా రోడ్డు పొడుగునా పరవచ్చు. ఈ మాట అతని శత్రువులెవరూ అనలేదు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికిన రోజుల్లో అతనే తీరిగ్గా కూర్చుని అనుకునేవాడు. కిటికీ సీటు దొరకని రోజున, ఆ సీటు పట్టుకోవడం కూడా జాబితాలో చేరేది.

రుద్రారంలో ఇంజనీరింగు చేరాడు, మెకానికల్. రెండో ఏడాదిలో ఫ్లూయిడ్ మెకానిక్స్ అని ఒక సబ్జెక్టు తగిలింది. నీళ్లు ఎటు పోతాయో, ఎందుకు పోతాయో చెప్పే శాస్త్రం. ఆ నీళ్లలోనే చార్లీ మునిగాడు. సప్లిమెంటరీ రాశాడు, మళ్లీ మునిగాడు. పరీక్ష హాల్లో కాపలా సార్లు మారారు, ఫ్యాన్లు మారాయి, ఇతని మార్కులు మాత్రం మాట మీద నిలబడ్డాయి. చివరికి ఒకరోజు హాల్లోంచి సగంలో లేచి వచ్చేసి, ఇంట్లో "ఈ చదువు నాకు పడది" అన్నాడు, చదువేదో తనను పెళ్లి చేసుకుంటానని వెంటపడుతున్నట్టు.

తర్వాత ఫోన్ల షాపులో చేరాడు. మానేశాడు. ఎరువుల కంపెనీకి ఊళ్లు తిరిగాడు. మానేశాడు. బండి మీద బిర్యానీ పొట్లాలు అందించాడు. ఏ పనిలో చేరినా మొదటి వారం అతని హుషారు చూస్తే పెళ్లికొడుకు కూడా సిగ్గుపడాలి. ఆ తర్వాత ఆ పని పేరెత్తితే జ్వరం వచ్చేది. తండ్రి పరంజ్యోతి జోగిపేటలో గవర్నమెంటు ఆఫీసు ఉద్యోగి. కొడుకు సంగతి దేవుడికీ భార్యకూ అప్పగించి, ఇద్దరి జోలికీ పోకుండా బతుకుతున్నాడు. భార్య ఎలిజబెత్ కందిలో బడి టీచరు. ఆవిడ మాత్రం దేన్నీ అప్పగించే మనిషి కాదు.

నరసరాజుగారి దగ్గరికి చార్లీ వచ్చింది కూడా బిర్యానీ పట్టుకునే. పటాన్‌చెరు బస్టాండు వెనక సందులో పంక్చరు షాపుకూ మటన్ షాపుకూ మధ్య ఇరుక్కున్న గది అది. భీమవరం వైపు నుంచి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి, రిటైరై, ఇక్కడే ఉండిపోయిన మనిషి నరసరాజుగారు. ఫ్యాక్టరీ పంపులకు సీళ్లు బాగుచేస్తాడు. తిట్టేటప్పుడు కూడా 'అండి' వదలడు. ఆ రోజు ఆయన రెండు గుండ్రటి బిళ్లల్ని పాలిష్ చేసి, తుడిచి, ఒకదాని మీద ఒకటి ఆనించి చార్లీ చేతిలో పెట్టాడు.

"లాగండి చూద్దాం."

చార్లీ లాగాడు. రాలేదు. గోళ్లతో గుంజాడు. రాలేదు.

"ఫెవిక్విక్ పెట్టిండ్రా సార్?"

"ఏమీ పెట్టలేదండి. నున్నగా ఉన్నాయి, అంతే. గాలి దూరే సందు కూడా లేదు, అందుకే అతుక్కున్నాయి."

ఏ పనికీ నెల రోజులు అతుక్కోని చార్లీ, జిగురు లేకుండా అతుక్కున్న ఆ రెండు బిళ్లల్ని చూస్తూ నిలబడిపోయాడు. పొట్లం చల్లారింది. మర్నాడు పొట్లం లేకుండా వచ్చాడు.

పని ఇదీ. పంపులో మోటారు ఒక ఇరుసును తిప్పుతుంది. ఆ ఇరుసు పంపు డొక్కలోకి దూరే చోట కన్నం ఉండక తప్పదు. కన్నం ఉంటే నీళ్లు బయటికి రాక తప్పదు. ఆ నీళ్లను ఆపేది సీలు. ఇరుసుతో పాటు తిరిగే బిళ్ల ఒకటి, కదలకుండా కూర్చునే బిళ్ల ఒకటి. తిరిగేదాన్ని వెనక నుంచి స్ప్రింగు నెడుతుంటే, రెండూ మొహం మొహం ఆనించుకుని రాసుకుంటూ ఉంటాయి. ఆ మొహాల మీద వేలు పెట్టకూడదు. నట్లు ఒక పక్కే బిగించకూడదు. నీళ్లు నింపకుండా పంపు ఆన్ చేయకూడదు. ఇవన్నీ చార్లీ ఒకటొకటిగా చేసి, తిట్లు తిని, నేర్చుకున్నాడు.

ఒక్క నియమం మాత్రం తిట్లు తినకుండానే నేర్చుకున్నాడు, ఎందుకంటే నరసరాజుగారు దాన్ని రోజూ సుప్రభాతంలా వినిపించేవాడు. తిరిగే బిళ్ల లోపల ఇరుసును పట్టుకుని నల్ల రబ్బరు రింగు ఒకటి ఉంటుంది. వేడినీళ్ల పంపుల్లో వేసే రింగుకి నూనె పడదు. తగిలితే ఉబ్బుతుంది. ఉబ్బితే ఇరుసును కరుచుకుంటుంది. అప్పుడు స్ప్రింగు ఎంత నెట్టినా బిళ్ల ముందుకు జరగదు, మొహాలు విడిపోతాయి, నీళ్లు కారతాయి.

"గ్రీజు కాదండి, ఇంజను ఆయిలు కాదండి, కొబ్బరినూనె కాదండి. మీ ఆవిడ తలకి రాసుకునే ఆయిలు కూడా కాదండి. దీనికి సబ్బునీళ్లే."

"నాకు ఆవిడ లేదు గద సార్."

"రబ్బరు రింగుకి నూనె రాసేవాడికి రాదు కూడానండి."

ఆ షాపులో పరీక్ష ఒక్కటే. సీలు వేసినవాడు దాని కింద నేల మీద పాత న్యూస్ పేపరు పరవాలి. పంపు ఆన్ చేయాలి. షిఫ్టు మారేదాకా అక్కడి నుంచి లేవకూడదు. టీ తాగినా అక్కడే, అన్నం తిన్నా అక్కడే. షిఫ్టు మారాక పేపరు తీసి పైకి చదవాలి. అక్షరాలు చెదరకుండా చదవగలిగితే పాస్. చుక్క పడితే ఫెయిల్. పంపు ముందు తెలివితేటలు పనికిరావనీ, కూర్చోవడమే పనికొస్తుందనీ నరసరాజుగారి నమ్మకం. తెలివితేటల విషయంలో చార్లీకి ఏ ఇబ్బందీ లేదు. కూర్చోవడమే కష్టం.

ఇంట్లో ఎలిజబెత్ ఊరుకోలేదు. కాలేజీలో తిరిగి చేరడానికి ఆఖరు తేదీ కనుక్కుని వచ్చింది. అదే రోజుకు చార్లీని మొదటిసారి ఒక్కడినే ఒక పంపుకు పంపుతున్నాడు నరసరాజుగారు. ముందురోజు అన్నం దగ్గర ఆవిడ తీర్పు చెప్పింది.

"మీ రాజుగారి పేపరు పొడిగుంటే నేను ఇగ కాలేజీ మాట ఎత్త. తడిసిందనుకో, సక్కగ రుద్రారం పోయి చేరు. సాయంత్రం అయిదింటిదాంక ఆఫీసు తెరిచుంటది. సర్టిఫికెట్లు నేను తీసిపెడ్త."

"అండ్ల నా తమ్ముళ్ల లెక్కున్న పోరగాళ్లతోని కూసోవాల్నా?"

"గా పోరగాళ్లు పాసైతున్నరు గదరా."

పొద్దున చార్లీ బూట్లు వేసుకుంటుంటే, ప్రార్థన నూనె సీసా పట్టుకుని వచ్చింది. చర్చి కూటాలప్పుడు తెచ్చుకున్న ఒలీవ నూనె. అందులో ఏదో మల్లెపూల వాసన కలిపారు. బొటనవేలితో కొడుకు నుదుటి మీద రాసి, కళ్లు మూసుకుని, బస్సు పోతుందేమోనన్నంత సేపు ప్రార్థించింది. కాలేజీ రోజుల్లో ప్రతి పరీక్షకూ ఇలాగే రాసేది. ఫలితాలు లోకానికి తెలిసినవే. అందులో దేవుణ్ణి తప్పుపట్టేంత మూర్ఖుడు కాడు చార్లీ. ఆయన మాత్రం ఒకే పేపరు ఎన్నిసార్లని రాస్తాడు?

"నేను గివన్నీ నమ్మ మమ్మీ."

"నిన్నెవరు నమ్మమన్నరు? జేబుల పెట్టుకో. ఏం బరువా?"

సీసా జేబులో పడింది.

పంపు ఇస్నాపూర్ దాటాక ఒక ఐస్‌క్రీమ్ ఫ్యాక్టరీలో ఉంది. పాల గొట్టాలు కడగడానికి వేడినీళ్లు తోసే పంపు. అది ఆగితే కడగడం ఆగుతుంది, కడగడం ఆగితే ఐస్‌క్రీమ్ ఆగుతుంది. ఆపరేటరు బిపిన్, ఒడిశా మనిషి, చార్లీ సంచీ దించకముందే మొదలుపెట్టాడు. "భయ్యా, జల్దీ. గరమ్ పానీ బంద్ హై." అతని వెనక నుంచి మెయింటెనెన్స్ ఇంజనీరు వచ్చింది. నెత్తిన తెల్ల హెల్మెట్, మెడలో ఐడీ కార్డు. కార్డు మీద కృష్ణప్రియ అని ఉంది. కార్డు చదవక్కర్లేదు. రుద్రారంలో చార్లీ ముందు బెంచీలో కూర్చున్న కృష్ణప్రియే. చార్లీ చూసి రాద్దామనుకున్న పేపర్లన్నీ ఆమెవే.

"చార్లీ? నువ్వేంది ఈడ?"

"సీలెయ్యనీకొచ్చిన."

"నువ్వా?"

"నేనే. ఏం, ఎయ్యొద్దా?"

"వద్దని కాదు. ఎగ్జామ్‌ల పంపు బొమ్మ గియ్యమంటే బోరింగు గీసినవు గద. సార్ క్లాసుల అందరికి చూపించిండు."

"అండ్ల గూడ నీళ్లొస్తయ్ గదా."

కృష్ణప్రియ నవ్వాపుకుని బిపిన్ వైపు తిరిగింది. "ఇసీకో కర్‌నే దో" అంది, 'చూద్దాం ఈ తమాషా' అన్నట్టు.

ఆ నవ్వు వల్లనో మరెందుకో గాని, ఆ రోజు చార్లీ పని చేసినంత బుద్ధిగా జీవితంలో ఏ పనీ చేయలేదు. పాత సీలు విప్పాడు. ఇరుసు తుడిచాడు. మొహాల్ని స్పిరిటులో ముంచిన గుడ్డతో తుడిచి, అంచులు పట్టుకుని ఎత్తాడు, నిద్రపోతున్న పసిపిల్లను ఎత్తినట్టు. కదలని బిళ్లను సబ్బునీళ్లతో తడిపి దాని గూట్లో కూర్చోబెట్టాడు. ఇరుసుకూ సబ్బునీళ్లు రాశాడు. ఇక తిరిగే బిళ్లను ఇరుసు మీదికి తోయాలి. తోసేముందు చుట్టూ చూశాడు. కృష్ణప్రియ ఫోన్‌లో ఉంది. బిపిన్ గొట్టాల వైపు పోయాడు.

చెయ్యి తనంతట తనే జేబులోకి పోయింది.

నమ్మకం కాదు. చార్లీ తర్వాత చాలాసార్లు తనతో తాను వాదించుకున్నాడు, నమ్మకం కాదని. భయం. అంతా సరిగ్గా చేసినప్పుడు వచ్చే భయం. అతనికి అది కొత్త. తప్పు చేసినప్పుడు ఏం జరుగుతుందో బాగా తెలుసు, అలవాటే. అంతా సరిగ్గా చేశాక ఏం జరుగుతుందో ఎవరికి తెలుసు? బొటనవేలితో ఇరుసు మీద చిన్న సిలువ గీశాడు. దేవుడి దగ్గర పిసినారితనం ఎందుకని ఇరుసు చుట్టూ ఇంకోసారి తిప్పి రాశాడు. సరిగ్గా రబ్బరు రింగు కూర్చునే చోట.

గ్రీజు కాదు, ఇంజను ఆయిలు కాదు, కొబ్బరినూనె కాదు. ఆ పాఠం అతనికి నిద్రలో లేపి అడిగినా వచ్చు. కాని ప్రార్థన నూనె కూడా నూనెల లెక్కలోకే వస్తుందని ఒక్క క్షణం కూడా తట్టలేదు. అతని దృష్టిలో అది నూనె కాదు, ప్రార్థన.

బిళ్ల వెన్నలా జారి వెళ్లి కూర్చుంది. అక్కడే అనుమానం రావాల్సింది. తన జీవితంలో ఏదైనా అంత సాఫీగా జారిందా? పంపును మళ్లీ జోడించి, నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాడు. ఇరుసు చేత్తో తిప్పి చూశాడు. పంపులో నీళ్లు నింపి, గాలి వదిలి, కింద పేపరు పరిచి, బిపిన్‌కు చెయ్యి ఊపాడు.

పంపు తిరిగింది. ఒక్క చుక్క లేదు. కృష్ణప్రియ వంగి, ఫోను లైటు వేసి చూసింది. "పర్లేదే" అంది. ఆ మాట కోసం చార్లీ నాలుగు సెమిస్టర్లు అదే క్లాసులో కూర్చున్నాడు. అప్పుడు దొరకలేదు.

షిఫ్టు మారేదాకా ఆగాలన్నది నియమం. చార్లీ ఫోను తీయడానికి అది అడ్డు రాలేదు.

"మమ్మీ, పాసైన! పొడిగుంది!"

అవతల ఎలిజబెత్ "స్తోత్రం!" అని అరిచిన అరుపుకు క్లాసులో పిల్లలు ఏం రాసుకుంటున్నారో గాని ఆపేసి ఉంటారు. కాసేపట్లో చర్చి గ్రూపులో సాక్ష్యం పడింది. 'చదువు ఆగిపోయిన నా కుమారునికి ప్రభువు పంపులలో విజయము నిచ్చెను.' కింద ఆమెన్‌లు బారులు తీరాయి. చార్లీ వాటిని పంపు పక్కనే కూర్చుని, టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని, పైకీ కిందికీ జరుపుతూ చదువుకున్నాడు. గోంగూర కలుపుకుని రెండో ముద్ద నోట్లో పెట్టుకోబోతుండగా 'టప్' మంది.

కింద చూశాడు. పేపరులో రాశిఫలాల పేజీ. సింహరాశి మీద చుక్క. చార్లీది ఏ రాశో అతనికే తెలియదు. క్రైస్తవుల ఇంట్లో రాశులెవరు చూస్తారు? అయినా ఆ క్షణాన తనది సింహరాశే అనిపించింది. ఇంకో చుక్క పడింది, కన్యారాశి. అన్నం తిన్న చెయ్యి కడుక్కునే లోపల పన్నెండు రాశులూ ఒకే రాశిగా కలిసిపోయాయి.

చార్లీ ఫోన్ చేస్తే నరసరాజుగారు స్కూటర్ మీద వచ్చాడు. పంపు ఆపించి, చల్లారనిచ్చి, విప్పాడు. కృష్ణప్రియ పక్కనే నిలబడింది.

"సార్, సీలే డిఫెక్ట్ కావొచ్చు. చార్లీ చేసిందంతా నేను చూసిన, పద్ధతిగనే చేసిండు" అంది.

అంతా కాదు, ఫోన్‌లో లేనప్పుడు చూసినంత. చార్లీకి ఆమె మీద తొలిసారి అభిమానం పుట్టుకొచ్చింది. పాత అలవాటు కొద్దీ ఆమె జవాబునే దించుకుందామనిపించింది కూడా. 'అవును సార్, డిఫెక్టే' అంటే సరిపోతుంది. నోరు తెరిచాడు.

ఈలోగా నరసరాజుగారు ఉబ్బిన రింగును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్లు చిట్లించాడు. మళ్లీ వాసన చూశాడు.

"ఏమండీ చార్లీగారూ, ఈ రింగు ఏమన్నా పెళ్లికి వెళ్లొచ్చిందా? మల్లెపూల వాసన వస్తోంది."

చార్లీ జేబులోంచి సీసా తీసి ఆయన చేతిలో పెట్టాడు.

"ఇదేవిటండి?"

"ప్రార్థన నూనె సార్."

"నూనేనా?"

"ప్రార్థన... నూనె సార్."

కృష్ణప్రియ హెల్మెట్ మొహానికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. భుజాలు ఊగుతున్నాయి. నరసరాజుగారు నవ్వలేదు. సీసాను జాగ్రత్తగా కళ్లకద్దుకుని చార్లీకి తిరిగి ఇచ్చాడు.

"దేవుడితో నాకు పేచీ లేదండి. రబ్బరుకి ఉందండి." సంచీలోంచి కొత్త రింగు తీశాడు. మొహాల్ని లైటుకు పట్టి చూసి, "ఇవి బావున్నాయి. నూనె మరక లేకుండా అంతా తుడిచి మళ్లీ వేయండి. నేను అటు తిరిగి కూర్చుంటాను. చూస్తే నేను వేసినట్టవుతుంది" అని, ఒక బకెట్ బోర్లించుకుని, పంపుకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఆయన వీపు తిట్టినంత బాగా మరెవరూ తిట్టలేరు.

చార్లీ మళ్లీ వేశాడు. ఈసారి రింగు వెన్నలా జారలేదు. సబ్బునీళ్లతో మెల్లగా, మొండిగా, అంగుళం అంగుళం దిగింది. అదే సరైన దిగుడని చేతులకు అర్థమైంది. పంపు తిరిగింది. కొత్త పేపరు పరిచాడు. ఈసారి సినిమా పేజీ. రాశిఫలాల జోలికి పోలేదు.

అప్పుడు ఫోన్ మోగింది.

"ఒరేయ్, గేటు కాడున్న. సర్టిఫికెట్లు తెచ్చిన. మీ రాజుగారికి ఫోన్ కొడితే తడిసిందన్నడు. బయటికి రా, ఇంక టైమున్నది."

రుద్రారం అక్కడికి కూతవేటు దూరం. కృష్ణప్రియ విన్నది. "నా స్కూటీ తీస్కపో. పేపరు నేను చూస్త. నిజంగనే" అంది మెల్లగా. ఈసారి వెక్కిరింపు లేదు.

చార్లీ లేవబోయాడు. మోకాళ్లకు ఆ విద్య బాగా తెలుసు. పరీక్ష హాల్లోంచి లేచాయి, ఫోన్ల షాపులోంచి లేచాయి, ఎరువుల మీటింగులోంచి లేచాయి. ఇప్పుడు లేస్తే కాలేజీలో సీటు ఖాయం. ఇక్కడ మళ్లీ ఒక్కడికే పంపు ఇవ్వడమన్నది కల్ల. కూర్చుంటే కాలేజీ పోతుంది, పేపరు తడిస్తే ఇదీ పోతుంది. లెక్క వేసి చూస్తే లేవడమే లాభం. కాని లెక్కల్లో తనకు వచ్చిన మార్కులు గుర్తొచ్చి ఆ లెక్కను నమ్మలేదు. మళ్లీ చతికిలబడ్డాడు.

"మమ్మీ, లేవనీకి లేదు. సీలేసినోడు పేపరు కాడనే ఉండాలె."

"తడిసింది గదరా పేపరు!"

"ఇంకోటి ఏసిన."

"అసలెందుకు కారిందంట?"

"నూనె."

"ఏం నూనె?"

"నీ నూనె మమ్మీ."

గేటు దగ్గరి లారీ హారన్‌ను మించి లేచింది ఆవిడ గొంతు.

"నేను నీ నుదుటికి రాసిన గాని, పంపు నుదుటికి రాయమన్ననారా?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "గ్రూపుల సాక్ష్యం గూడ పెట్టిన గదరా. పాస్టరమ్మ ఆమెన్ కొట్టింది."

"తీసెయ్ మరి."

"ఆమెన్ కొట్టినంక ఎట్ల తీస్తరు?" మళ్లీ తనే అడిగింది, "ఇప్పుడు కారుతుందా?"

"ఇప్పటిదాంక లేదు."

"కూసోని చూస్తున్నవా? వంగి చూడు. సరిగ చూడు."

చార్లీ వంగి చూశాడు. లేదన్నాడు. కాసేపటికి ఆవిడే మళ్లీ ఫోన్ చేసి అడిగింది. మళ్లీ లేదన్నాడు. అయిదు దాటింది. ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

షిఫ్టు మారింది. నరసరాజుగారు బకెట్ మీద నుంచి లేచి, ఇటు తిరిగి, "చదవండి" అన్నాడు. చార్లీ పేపరు తీసి, అందులో ఉన్న హీరోయిన్ ఇంటర్వ్యూ మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా, చర్చిలో వాక్యం చదివినట్టు గట్టిగా చదివాడు. ఆమెకు సముద్రం అంటే ఇష్టమట. బిపిన్ ఏమీ అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టాడు.

"ఒకసారి ఫెయిలై, మళ్లీ రాసి పాసైతే మీ కాలేజీలో ఏమంటారండి?" అడిగాడు నరసరాజుగారు.

"సప్లీ అంటరు సార్."

"అయితే సప్లీలో పాసయ్యారు. రేపు బొల్లారంలో ఒక పంపుంది, మీరు వెళ్లండి."

చార్లీ జీవితంలో సప్లీ పాసవడం అదే మొదలు.

గేటు దగ్గరికి పోతే ఎలిజబెత్ వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని ఉంది. సర్టిఫికెట్ల కవరు విసనకర్రగా ఒక చేతిలో, ఫ్యాక్టరీవాళ్లు ఇచ్చిన వంకర పుల్ల ఐస్‌క్రీమ్ ఇంకో చేతిలో. కొడుకును ఎగాదిగా చూసింది.

"పొడిగుందా?"

"పొడిగుంది."

"ఏదీ, పేపరు చూపియ్యి."

చూపించాడు. వేలితో తడిమి చూసింది, బల్ల మీద దుమ్ము చూసే టీచరులా. కవరు సంచీలో పెట్టేసుకుంది.

ఇప్పుడు చార్లీ ఒంటరిగానే పంపులకు పోతున్నాడు. అప్పుడప్పుడు పేపరు తడుస్తుంది, మళ్లీ సప్లీ రాస్తాడు. ప్రార్థన మాత్రం ఆగలేదు. పొద్దున అతను బూట్లు వేసుకునేలోగా ఎలిజబెత్ పనిసంచీలోంచి సబ్బునీళ్ల సీసా తీసి, దాని మూత మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుంటుంది. బస్సు పోతుందేమోనన్నంత సేపు.